తెలుపు కొట్టని ఫ్లెక్సీ

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశానని అందరికీ చెబుతుంటాను. నిజానికి బడే నన్ను మాన్పించింది. ఆఖరి రోజున లెక్కల సారు గేటు దాకా వచ్చి మరీ సాగనంపారు. ప్రేమతో అనుకునేరు. నేను మళ్ళీ లోపలికి రాకుండా గేటు స్వయంగా వేసుకుందామని. అంత చదువు చదివినవాణ్ణి గనుక నల్లగొండలో ఫ్లెక్సీల దుకాణం పెట్టాను. ఊరందరి పేర్లూ రాసేది నేనే, అందులో తప్పులూ నావే.

తెలంగాణ వచ్చాక మా పని బాగా పెరిగింది. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పదవికి ఫ్లెక్సీ, చనిపోతే ఫ్లెక్సీ. అన్నిటికంటే ఎక్కువ, ఆడపిల్లలకు చీర కట్టించే ఫంక్షన్లవి. ఒకప్పుడు ఇంటి ముందు పందిరి కింద, నలుగురు ముత్తయిదువలతో అయిపోయే ముచ్చట అది. ఇప్పుడు ఫంక్షన్ హాలు, డ్రోను, పొగ వదిలే మిషను, పిల్ల నడిచొస్తుంటే పైన పూల చెద్దరు. గేటు దగ్గర పిల్ల నిలువెత్తు ఫ్లెక్సీ. ఫోటో తెచ్చిన ప్రతి తల్లీ గొంతు తగ్గించి ఒకే మాట చెప్పేది, “జర తెలుపు కొట్టు తమ్మీ” అని. కంప్యూటర్లో తెలుపు పెంచడం నాకు చేతి అలవాటు. అడగకపోయినా చేసేవాణ్ణి. ఒకసారి చనిపోయిన పెద్దాయనకు కూడా కొట్టాను. ఆయన కొడుకు చూసి, “మా నాయిన బతికున్నప్పుడు ఇంత మంచిగ ఎన్నడు లేడన్నా” అని సంబరపడ్డాడు.

అలాంటి రోజుల్లోనే మా అక్క బిడ్డకు ఫంక్షన్ పెట్టుకున్నారు. వాళ్ళది పానగల్ దాటాక ఒక ఊరు. మా బావకు గొర్లు, కొంత చెలక. పిల్ల బావ పోలిక, నల్లగా చురుగ్గా ఉంటుంది. అప్పుడు పదో తరగతి. తనతో చదివే ఇంకో పిల్ల ఫంక్షన్‌కు పట్నం నుంచి మేకప్ ఆమె వచ్చిందని, ఆ వీడియో బడి అంతా చూసిందని తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఒకటే పోరు. రాత్రి అన్నం మానేసి కీరదోసకాయలు తింటోందని అక్క చెప్పింది. ఆ చెప్పడంలో బాధ ఉందో గొప్ప ఉందో నాకు తెలియలేదు.

ఫ్లెక్సీ మేనమామ వంతు అన్నారు. పిల్లే ఫోను చేసింది.

“మామా, తెల్లగ రావాలె. ఆ పిల్ల దానికన్న తెల్లగ.”

“గట్లయితే నీ ఫోటో ఎందుకు బిడ్డా, సున్నం డబ్బా ఫోటో వేస్త.”

“జోకులు తర్వాత. ముందుగాల పని చెయ్యి.”

ఆ సాయంత్రమే గొర్లకు మందు కొందామని వచ్చిన బావ దుకాణంలోకి తొంగి చూశాడు. తెర మీద పిల్ల ఫోటో ఉంది. తెలుపు కొట్టడం అప్పటికే అయిపోయింది. బావ తెర దగ్గరికి వచ్చి చూశాడు.

“ఎవల పిల్ల గీమె?”

“నీ బిడ్డనే బావా.”

ఆయన నవ్వలేదు. “అదంత తీసెయ్ బామ్మర్ది. నా బిడ్డ నా బిడ్డ లెక్కనే ఉండాలె” అన్నాడు.

ఇప్పుడు ఎవరి మాట వినాలి? ముఖం పిల్లది. కన్నది బావ. తెలుపు తీసేసి చూశాను. దొడ్డి ముందు ఎండలో నిలబడి తీయించుకున్న ఫోటో అది, కళ్ళల్లో నవ్వుంది. నాకు బాగుందనిపించింది. అలాగే వేసేశాను.

మేకప్ సంగతి మాత్రం నాకు తట్టలేదు.

ఫంక్షన్ రోజు కారు హాలు గేటు ముందు ఆగింది. మేకప్‌తో దిగిన పిల్ల తెల్లగా, పైన ఫ్లెక్సీలో ఉన్న పిల్ల నల్లగా. వచ్చినవాళ్ళు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఒక ముసలామె మా అక్కను అడగనే అడిగింది. “పైన ఉన్నది నీ పెద్ద బిడ్డనా?”

మా అక్కకు ఉన్నది ఒక్కతే బిడ్డ. ఆ మాట పిల్ల వింది. గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

మేనమామ చీర పెట్టందే ఏ పనీ మొదలు కాదు. నేను చీర ఉన్న పళ్ళెం పట్టుకుని స్టేజీ మీద నిలబడ్డాను. పొగ మిషను అతను నన్నే చూస్తున్నాడు. పిల్ల ఎంతకీ రాకపోతే పళ్ళెంతోనే తలుపు దగ్గరికి పోయాను.

“మామా, అది తీసేయుండ్రి. మా క్లాసోళ్లు వస్తరు. నేను బయటికి రాను.”

“కోడలా, గేటు మీదున్నామె నీకన్న బాగుందని కుళ్లుకుంటున్నవా?”

లోపల ఏడుపు వినబడింది. మేకప్ ఆమె తలుపు కొంచెం తెరిచి, “జర ఏడిపియ్యకుండ్రి. కారుతాంది. మల్ల మొదటికెళ్లి వెయ్యాలె” అంది.

బావ గేటు వైపు నడిచాడు. ఆయన నిచ్చెన పట్టుకుంటే నేను ఎక్కి తాళ్ళు కోశాను. కిందపడిన ఫ్లెక్సీని బావ చాప చుట్టినట్టు చుట్టాడు.

“మంచిగనే ఉన్నది గద?”

“మంచిగనే ఉంది బావా.”

“మరెందుకు ఏడుస్తాంది?”

నేను నిచ్చెన భుజాన వేసుకుని లోపలికి నడిచాను.

పిల్ల వచ్చింది. పొగలోంచి, పూల చెద్దరు కింద నడిచి వచ్చింది. కెమెరా అతను చెప్పినప్పుడల్లా నవ్వింది. బొమ్మ లెక్కుందని అందరూ అన్నారు. నేను చీర చేతుల్లో పెట్టాను. మేకప్ అంటని ఆ అరచేతులు మాత్రం నేను ఎరిగినవే. చల్లగా ఉన్నాయి. తను సంతోషంగా ఉందా, నటించిందా? నటిస్తే ఆ తర్వాత తన ఫంక్షన్ వీడియోను అన్నిసార్లు ఎందుకు చూసుకుంటుంది? తెల్లగా ఉంటేనే అందమని ఆమెకు నేర్పింది ఎవరు? అక్కా, బడా, ఫోనా? ఎటు నుంచి లెక్క వేసినా నాకు తేలలేదు.

కొన్నాళ్ళకు వాళ్ళింటికి పోయాను. బావ ఆ ఫ్లెక్సీని వాన పడకుండా గొర్ల దొడ్డి మీద కప్పాడు, బొమ్మ ఉన్న వైపు లోపలికి పెట్టి. పిల్ల చాయ్ తెచ్చి ఇచ్చింది గానీ నా ముఖం చూడలేదు.

“ఇంక కోపమేనా కోడలా? ఉన్నదున్నట్టు వేసిన. దాంట్ల తప్పేమున్నది?” అన్నాను.

“ఊర్లున్నోళ్లందరి మొఖాలు తెల్లగ చేసినవ్ గద మామా” అంది. “నిజం చెప్పుడు నా మొఖంతోనే మొదలువెట్టాల్నా?”