సంచిలో తిరిగిన డిస్క్

మా ఇంట్లో నా మాట వినే వస్తువు ఒక్కటే ఉండేది, నా మినీడిస్క్ ప్లేయర్. అరచేతిలో ఇమిడిపోయే నీలం రంగు డబ్బా. దాని నోట్లోకి చిన్న ప్లాస్టిక్ పలకలాంటి డిస్క్‌ని తోస్తే, లోపల గిర్రున తిరిగి, గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి, అప్పుడు పాట అందుకునేది. ఇప్పటి పిల్లలకి ఆ డిస్క్ చూపిస్తే కాఫీ కప్పు కింద పెట్టుకునేదా అని అడుగుతారు.

మా ఇల్లంటే అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక పడగ్గది ఉన్న అపార్ట్‌మెంట్. ఉండేది నేనొక్కదాన్నే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఇతరులు చేసినదాంట్లో తప్పులు పట్టినందుకు జీతం ఇస్తారు. ఆ అలవాటు ఉద్యోగం రాకముందు నుంచే ఉందని మా అమ్మ అంటుంది. పని ఇంటి నుంచే కాబట్టి పొద్దున మీటింగ్‌లో "నో బ్లాకర్స్ ఫ్రమ్ మై సైడ్" అని, నా పనికి అడ్డంకులేం లేవని చెప్పాక, మళ్ళీ నోరు తెరిచే అవసరం రాని రోజులు చాలా ఉంటాయి.

సాయంత్రం ల్యాప్‌టాప్ మూసి, ప్లేయర్ జేబులో వేసుకుని, అపార్ట్‌మెంట్ల వెనక ఉన్న చెరువు చుట్టూ నడిచేదాన్ని. పేరుకి చెరువు, నిజానికి వాననీళ్ళు నిలవడానికి తవ్విన గుంట. దారికి అడ్డంగా పెద్ద పెద్ద బాతులు నిలబడి నన్నే పక్కకి తప్పుకోమంటాయి. నేనూ తప్పుకోను. కాసేపు ఒకరినొకరు చూసుకున్నాక ఎవరో ఒకరు బుద్ధి తెచ్చుకోవాలి, చాలాసార్లు నేనే తెచ్చుకున్నాను.

ఫోన్‌లో ప్రపంచంలోని పాటలన్నీ ఉన్నాయి కదా అంటారు. నాకున్న గొడవే అది. ఒక పాట పెడితే తర్వాత ఏం వినాలో ఫోనే నిర్ణయిస్తుంది. నా బదులు నిర్ణయాలు తీసుకుందామని చూసేవాళ్ళు నాకు ఇప్పటికే చాలామంది ఉన్నారు. మినీడిస్క్ అలా కాదు. నేను ఏ పాటలు ఎక్కించానో అవే, ఆ వరసలోనే. ఎక్కించడం కూడా ఇప్పటిలా చిటికెలో అయ్యే పని కాదు. కంప్యూటర్‌కి తీగ తగిలించి, పాట మొదటి నుంచి చివరిదాకా మోగుతుంటే డిస్క్ దాన్ని వింటూ రాసుకోవాలి. ఒకసారి అలా రాసుకుంటుండగా కంప్యూటర్‌లో ఎవరికో మెసేజ్ వచ్చి 'టింగ్'మంది. అది కూడా పాటలో పడిపోయింది. రెండో చరణం మధ్యలో ఉంటుంది ఆ టింగ్. ఇప్పుడు ఆ పాట ఇంకెక్కడైనా విన్నప్పుడు ఆ చోట టింగ్ రాకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. చదువుకునే రోజుల్లో మా ముగ్గురికీ ఒకటే కంప్యూటర్. ఆ మెసేజ్ ఎవరికి వచ్చిందో ఇప్పుడు చెప్పలేను.

ముగ్గురమంటే నేను, ఒక కరీంనగర్ అమ్మాయి, ఒక నెల్లూరు అమ్మాయి. నాది గుంటూరు. ఎంఎస్ చదవడానికి వచ్చి ఒకే ఇంట్లో దిగాం. అప్పట్లో థాంక్స్‌గివింగ్ పండగ తెల్లారి చౌకగా దొరికే డీల్స్ కోసం లైన్‌లో నిలబడటం మనవాళ్ళకి ఒక ఆచారం. ఏం కొనాలో తెలియకపోయినా సరే, అరువు జాకెట్లు వేసుకుని, చలికి గెంతుతూ నిలబడాల్సిందే. ఆ లైన్‌లో నిలబడే నేనూ కరీంనగర్ అమ్మాయీ ఒకే రకం మినీడిస్క్ ప్లేయర్లు కొనుక్కున్నాం. ఇళ్ళల్లో చెప్పిన కారణం చదువు. మా ప్రొఫెసర్ మాట ముక్కులో మొదలై ముక్కులోనే అయిపోయేది. పక్కన కూర్చున్న అమెరికన్ పిల్లలు నవ్వితే అది జోక్ అని తెలిసేది. అందుకని మొదటి వరసలో కూర్చుని, చిన్న మైక్ తగిలించి క్లాసంతా రికార్డ్ చేసుకుని, ఇంటికొచ్చి ముగ్గురం మళ్ళీ వినేవాళ్ళం. కొన్న కొద్ది రోజులకే ఆమె ప్లేయర్ చచ్చిపోయింది. ఏ బటన్ నొక్కినా పలకలేదు. అక్కణ్ణుంచి చదువయ్యేదాకా నా ప్లేయర్‌నే ఇద్దరం వాడుకున్నాం. పగలు ఆమె క్లాసులకి, సాయంత్రం నా పాటలకి.

ఇప్పుడు నెల్లూరు అమ్మాయి కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో ఉంటుంది. కరీంనగర్ అమ్మాయి అరోరాలో, మా ఇంటికి అరగంట దూరంలో. ఆ అరగంటే దాటలేనిదైపోయింది. మేము దెబ్బలాడుకోలేదు. దెబ్బలాడుకుని ఉంటే కలిసిపోవడానికి ఒక దారి ఉండేది. ఆమెకి పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఇల్లు కొన్నారు. నాకు పెళ్ళి కాలేదు, నేను చేసుకోలేదు, రెండూ నిజమే. ఇక్కడ పార్టీలన్నీ కుటుంబాల లెక్కన జరుగుతాయి. వెళ్తే ఆడవాళ్ళు మొదట "మీ పిల్లలు ఏ గ్రేడ్?" అని అడుగుతారు. లేరంటే కాసేపు ఆలోచించి "డివోర్సీ అయినా పర్లేదా?" అని అడుగుతారు. నేను ఊరుకునే రకం కాదు. "మీవారిని ఎప్పుడు వదిలేస్తున్నారు?" అని ఒకావిడని అడిగాను. తర్వాత పిలుపులు తగ్గాయి.

కరీంనగర్ అమ్మాయి తన కూతురి లంగా ఓణీ ఫంక్షన్‌కి మాత్రం పిలిచింది. నన్ను ఆమె భర్త ఆఫీసువాళ్ళ టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఆమెతో ఒక ఫొటో దిగాను, అంతే. ఆ తర్వాత పుట్టినరోజుకి ఫోన్‌లో ఆమె నాకొక కేక్ బొమ్మ, నేను ఆమెకొక కేక్ బొమ్మ పంపుకోవడమే. అంతకుమించి మాట్లాడుకున్నది లేదు.

పోయిన అక్టోబర్‌లో, చెరువు దగ్గర నడుస్తుండగా, పాట సగంలో ఆగిపోయింది. తెర మీద 'నో డిస్క్' అని వచ్చింది. డిస్క్ లోపలే ఉంది. బ్యాటరీ మార్చాను, ఊదాను, తట్టాను, బతిమాలాను. వేరే డిస్కులన్నీ పెట్టి చూశాను. అన్నిటికీ అదే మాట. ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని ఏడ్చాను. ఒక డబ్బా కోసం ఏడ్చానని చెప్తే ఎవరైనా నవ్వుతారు. చెప్పడానికి ఎవరూ లేరు కాబట్టి ఆ భయమూ లేదు.

ఇలాంటివి ఆన్‌లైన్‌లో పాతవి దొరుకుతాయి. చూశాను కూడా. కొనకుండా పేజీ మూసేశాను. ఎందుకంటే ఆ ఏడుపు మధ్యలోనే అరోరాలో దీని కవల ఒకటి ఉందని గుర్తొచ్చింది. నాకు ప్లేయర్ కావాలి, నిజమే. అంతకంటే ఎక్కువగా ఆమె కావాలి. ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. ప్లేయర్ అడిగే ధైర్యం మాత్రం ఉంది. ఆమె "వచ్చి తీసుకో" అంటే మా మధ్య ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు, "మెయిల్ చేస్తా" అని పోస్టులో పంపేస్తానంటే ఇక ఏమీ లేనట్టు అని నాలో నేను పందెం వేసుకున్నాను.

ఇక్కడ ముందు మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేస్తే ఊళ్ళో ఎవరో పోయారనుకుంటారు.

"ఏమైందే? అమ్మ మంచిగుందా?" అంది ఫోనెత్తగానే.

"అందరూ బానే ఉన్నారు. నీ మినీడిస్క్ ప్లేయర్ ఉందా?"

"ఏంది?"

"మినీడిస్క్ ప్లేయర్. థాంక్స్‌గివింగ్‌కి లైన్‌లో నిలబడి కొన్నామే, అది."

"దానికోసమా ఫోన్ చేసినవ్? అది అప్పుడే ఖరాబైంది కదనే. గ్యారేజ్‌ల ఏదో డబ్బాల ఉంటది. దొరికితే మెయిల్ చేస్త తియ్యి."

పందెం పోయింది. సరే, థాంక్స్ అని పెట్టేయాలి కదా. నా నోరు నా మాట వినలేదు. "వద్దు, నేనే వచ్చి వెతుక్కుంటా" అంది.

"నువ్వా? సరే. సాటర్డే బిడ్డకు డాన్స్ క్లాస్ ఉంది. అది అయినంక రా."

శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. తలుపు తీసిన ఆమె జుట్టులో నెరుపు, నా జుట్టులో రంగు. ఇద్దరం ఒకరి తల ఒకరు చూసుకున్నాం. కూతురు వంటింటి గట్టు దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. "హాయ్ ఆంటీ" అని, ఒక చెవిలోంచి మాత్రం ఇయర్‌ఫోన్ బుడిపె తీసి, "మీరు మామ్‌కి ఆఫీస్ ఫ్రెండా?" అని అడిగింది.

"రూమ్మేట్‌ని."

"రియల్లీ? మామ్ నాకు ఎప్పుడూ చెప్పలేదు."

ఆ మాట గుచ్చుకుంది. పిల్ల తప్పేం లేదు. అయినా గుచ్చుకుంది. "పద, వెతుకుదాం" అని ఆమె నన్ను గ్యారేజ్‌లోకి తీసుకెళ్ళింది. మంచు తోసే పార, బతుకమ్మ పళ్ళేలు, పిల్ల చిన్నప్పటి సైకిల్, వాటి వెనక అట్టపెట్టెలు. పాత చార్జర్లన్నీ చిక్కుపడి ఉన్న పెట్టెలో, ఒక సాక్స్‌లో దొరికింది. నాదానిలాగే నీలం. దాని మీద గీతలు మాత్రం లేవు, పాపం, వాడితే కదా.

"చూసినవా? ఉలకదు పలకదు" అని బటన్లు నొక్కి చూపించింది.

నా చూపు దాని పక్కనున్న చిన్న మీట మీద పడింది. బటన్లు పొరపాటున నొక్కుకుపోకుండా తాళం వేసే మీట అది, హోల్డ్ అంటారు. క్లాస్ మొదలవగానే రికార్డ్ నొక్కి ఇద్దరం దాన్ని పైకి తోసేవాళ్ళం. అయిపోయాక కిందికి లాగితేగానీ ఆగదు. ఆ మీట ఇంకా పైకే ఉంది.

"ఇది చావలేదే. హోల్డ్‌లో ఉంది" అన్నాను.

"అంటే?"

"అంటే దీనికేం రోగం లేదు. నువ్వు తాళం తీయలేదు."

"ఇన్నేండ్ల సందా?" అని పక్కనున్న పెట్టె మీద కూలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నా ప్లేయర్‌కి తగిలించే బ్యాటరీ డబ్బా తెచ్చుకున్నాను కాబట్టి దీనికి తగిలించాను. మీట కిందికి లాగాను. లోపల గిర్రున తిరిగి గొంతు సవరించుకుంది. డిస్క్ లోపలే ఉండిపోయిందన్నమాట.

గ్యారేజ్ మెట్టు మీద పక్కపక్కన కూర్చుని నా ఇయర్‌ఫోన్స్ చెరో చెవిలో పెట్టుకున్నాం. ముక్కు ప్రొఫెసర్ మొదలుపెట్టాడు. ఇప్పుడు అతని మాట బాగానే అర్థమవుతోంది, చెప్పేదే విసుగ్గా ఉంది. బటన్ నొక్కి ముందుకి తోస్తూ పోయాం. కుర్చీలు కదిలాయి. ఏదో బటన్ టిక్కుమంది. తర్వాత బట్ట రాపిడి, బస్సు తలుపు, మెట్లెక్కే చప్పుడు. నాకు అప్పుడు అర్థమైంది. హోల్డ్ తీయకుండా స్టాప్ నొక్కి, ఆగిందనుకుని సంచిలో పడేసింది. అది సంచిలో తిరుగుతూనే ఉంది. డిస్క్ నిండేదాకా రాసుకుని, బ్యాటరీ అయిపోయి ఊరుకుంది. మర్నాడు బ్యాటరీ మార్చినా, తాళం తీయలేదు కాబట్టి పలకకపోయేసరికి చచ్చిపోయిందనుకుంది.

సంచి దభీమని కింద పడింది. కుక్కర్ కూత వేసింది. మా పాత వంటిల్లు.

"వేపుడు అయిపోయిందే. తిందామా?" నెల్లూరు అమ్మాయి గొంతు.

"ఆగు, అది రానీ." ఈమె గొంతు, పల్చగా, ఇప్పటికంటే గట్టిగా.

"అదెప్పుడొచ్చేను! ల్యాబ్‌లో కూర్చుంటే దానికి లోకం తెలీదు. నాకు ఆకలేస్తా ఉంది."

"నాక్కూడ అయితుంది. మనం ముందు తింటే మూతి ముడుచుకుని కూసుంటది. నీకు తెల్వదా దాని సంగతి?"

"ఏం పొగరే దానికి!"

పక్కనున్న ఆమె గబుక్కున చెయ్యి చాపి స్టాప్ నొక్కబోయింది. నేను అంతకంటే ముందే హోల్డ్ పైకి తోసేశాను. నా గురించి ఎవరేమన్నారో వినకుండా వదిలే మనిషిని కాను.

"పొగరే. ఏం జేస్తం మరి, మనదే కదా. ఆ అడుగున మాడిన ముక్కలు దానికి తీసిపెట్టు. లేకుంటే నువ్వే మింగుతవ్."

బంగాళాదుంప వేపుడు. మాడిన ముక్కలంటే నాకు ప్రాణం. వాళ్ళు ఇంకేవో మాట్లాడుకున్నారు. ఒకరు పాట తీశారు, ఒకరు కిటికీలోంచి చూసి "రాలేదు" అన్నారు. మళ్ళీ కాసేపటికి "ఇంకా రాలే" అన్నారు. నేను వచ్చేలోపే డిస్క్ అయిపోయింది.

"సారీనే. చిన్నపిల్లలం అప్పుడు" అంది ఆమె. చేతులకి దుమ్మైంది, కడుక్కొస్తానని లోపలికి వెళ్ళాను.

బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఆ రోజు ఎప్పుడొచ్చానో, ఏం తిన్నానో నాకు గుర్తు లేదు. వాళ్ళు నాకోసం ఆగేవాళ్ళని ఎవరూ చెప్పలేదు. ల్యాబ్ నుంచి వచ్చేసరికి మూడు కంచాలు ఉండేవి, మాడిన ముక్కలు నా కంచంలోనే ఉండేవి. ఎక్కడికెళ్ళినా అలాగే ఉంటాయనుకున్నాను.

తలుపు అవతల గిన్నెల చప్పుడు వినిపించింది. "మామ్, ఐయామ్ స్టార్వింగ్. తినేద్దామా?" అంది పిల్ల.

"ఆగు, అది రానీ" అంది వాళ్ళమ్మ.

కుళాయి కట్టేసి, ముఖం కూడా తుడుచుకోకుండా బయటికి వచ్చాను.