నాన్న నిద్రపోయే రోజు

సాలూరులో మా నాన్న లారీ డ్రైవర్. రాయపూర్ ట్రిప్పు ముగించుకుని వచ్చిన రోజు మా ఇంట్లో టీవీ మోగేది కాదు, మిక్సీ తిరిగేది కాదు. తలుపు గొళ్లెం చప్పుడు కాకుండా అమ్మ దానికి గుడ్డ చుట్టేది. నాన్న పగలంతా పడుకోవాలి, చీకటి పడితే మళ్లీ బండెక్కాలి. నేను వంటింట్లో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. తమ్ముడు కుదురుగా కూర్చునే రకం కాదు. "సప్పుడు సేయకురా, నాన్న తొంగున్నాడు. బయటికెల్లి ఆడుకో," అని అమ్మ వాణ్ణి పంపించేసేది.

అలా బయటికి వెళ్లి వెళ్లి, లారీలు ఆగేచోట తిరిగే పెద్ద కుర్రాళ్లతో కలిశాడు. పోయినేడు, పదో తరగతిలో ఉండగా, ఎవరిదో లారీలోంచి డీజిల్ తీస్తూ వాళ్లతో పాటు దొరికిపోయాడు.

పెంపకం సరిగా లేదని వీధంతా అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నిద్ర చాలని మనిషి స్టీరింగు పట్టుకుంటే ఏమవుతుందో వాళ్లలో ఒక్కరైనా ఆలోచించారా?

స్టేషన్లో నాన్న వాణ్ణి కొట్టలేదు. "ఆ ఎదవల్తో ఎందుకు తిరిగేవురా?" అని మాత్రం అడిగాడు.

"నువ్వు తొంగున్నావని అమ్మ బయటికి పొమ్మంది కదా నాన్నా," అన్నాడు తమ్ముడు. అందులో పొగరేమీ లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే.

ఇప్పుడు వాడు విశాఖలో జువైనల్ హోమ్‌లో ఉన్నాడు. గొళ్లేనికి ఆ గుడ్డ అలాగే ఉంది. నాన్న ట్రిప్పు నుంచి వచ్చి పడుకుంటాడు, పైన రేకుల్ని చూస్తూ.