నాలుగో నంబరు తుపాకీ

పోయిన నెలలో ఒక ఉదయం స్కూలుకి బయలుదేరుతుంటే మండవల్లి నుంచి ఫోనొచ్చింది. "వదినా, మా పిల్లకి తుపాకీ కొనాలి. నువ్వొచ్చి చూసి పెట్టాలి" అంది అవతలి గొంతు, పట్టుచీర కొనాలన్నంత మామూలుగా. ఆవిడ ఫోన్లో మాట్లాడినా చెరువు అవతలి గట్టు మీదున్న మనిషిని కేకేసినట్టే ఉంటుంది. నా పక్కన ఆటో కోసం నిలబడ్డ పెద్దమనిషి ఆ మాట విని రెండడుగులు దూరం జరిగాడు. నేను తాడేపల్లిగూడెంలో డ్రిల్లు టీచర్ని. కబడ్డీ, ఖోఖోలతో పాటు ఆసక్తి ఉన్న పిల్లలకి తుపాకీ గురి కూడా నేర్పుతాను కాబట్టి ఇలాంటి పిలుపులు నాకు కొత్తేమీ కాదు. ఆవిడ కూతురు ఏలూరులో డిగ్రీ చదువుతూ గాలి తుపాకీతో పది మీటర్ల దూరం బాగా కొడుతోందని విన్నాను. ఇప్పుడు యాభై మీటర్లకి మారాలట. దానికి అసలైన తూటా పేలే తుపాకీ కావాలి. పాయింట్ టూ టూ అంటారు. ఒక్కో తూటా పెట్టి, బోల్టు ముందుకి తోసి, పేల్చి, మళ్ళీ వెనక్కి లాగాలి. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఎట్టకేలకు కాగితం సంపాదించారు. ఆట మానేసిన పెద్దవాళ్ళిద్దరు తమ తుపాకులు అమ్మకానికి పెట్టారు. రెండిట్లో ఏది తీసుకోవాలో అత్తయ్యే, అంటే నేనే, చెప్పాలని పిల్ల పట్టుబట్టిందట. "నువ్వయితే చూడగానే చెప్పేస్తావు. నాదా, వంకర చూపాయె" అని నవ్వింది ఆవిడ. నేను నవ్వలేదు. ఆ వంకర చూపు సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆవిడ నాకు నిజానికి వదినేమీ కాదు. మాది పెంటపాడు దగ్గర వరి పొలాల ఊరు, వాళ్ళది కొల్లేటి అంచు. ఏలూరు హాస్టల్లో ఒకే గది ఇస్తే రెండో రోజుకే వదినా అంటే వదినా అనుకున్నాం. మా వైపు ఈడైన ఆడపిల్లలు అలా పిలుచుకుంటే సరదా, ఎవరి అన్నకి ఎవరిని ఇస్తున్నారని ఎవరూ అడగరు. నెలకోసారి వాళ్ళ నాన్నగారు బస్సులో కొరమేను పులుసు క్యారియరు తెచ్చేవారు. నిన్నటి పులుసు ఇవాళ బావుంటుందని ఆవిడ సిద్ధాంతం, ఇవాళ్టి దాకా ఆగలేకపోవడం నా బలహీనత. మా అమ్మ పంపిన సున్నుండలు మాత్రం నేను ట్రంకు పెట్టెలో తాళం వేసి లెక్కగా తీసేదాన్ని. ఇది చెప్పకపోయినా ఫరవాలేదు గానీ, నేను ఎలాంటి మనిషినో మీకు ముందే కాస్త తెలిస్తే మంచిది.

కాలేజీలో ఖాకీ బట్టలు కట్టి కవాతు చేసే కాడెట్ దళం ఉండేది. టిఫిను పెడతారని నేను చేరాను, నేను చేరానని ఆవిడ చేరింది. మాకు నేర్పే హవల్దారు గారిది గూడెం దగ్గర మాధవరం. మనిషి ఆరడుగులు, మాట మాత్రం మెత్తన. "ఊపిరి సగం వదలండమ్మా, ఆపండి, అప్పుడు వేలు నొక్కండి. గుంజకండి, జామకాయ కాదది" అనేవారు. మొదటి రోజే ఆవిడ కొట్టిన ఐదు తూటాలూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. చిన్నప్పటి నుంచీ దోనెలో నిలబడి వల విసిరిన పిల్ల, ఒళ్ళు కదలకుండా నిలపడం ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను కష్టపడి నేర్చుకున్నాను. ఆరు నెలలకి ఆవిడ దరిదాపుల్లోకి వచ్చాను. దరిదాపుల్లోకే, అంతకు మించి కాదు. ఆవిడ గది తుడిచేటప్పుడు కూడా పాడుకుంటూ తుడిచే రకం, నేను పక్కవాళ్ళ మార్కులు చూశాక గానీ నా మార్కులు చూసుకోలేని రకం.

మా దగ్గర ఉన్నవి ఆరు తుపాకులు. భుజానికి ఆనించే మడమల మీద తెల్లరంగుతో నంబర్లు వేసి ఉండేవి. అన్నీ ఒకటేనని హవల్దారు గారు అనేవారు. తుపాకీ మీద సాకు పెట్టడం ఆయనకి గిట్టేది కాదు. రాష్ట్ర స్థాయి క్యాంపుకి మా కాలేజీ నుంచి ఒక్క అమ్మాయిని ఎంపిక చేస్తారని తెలిసినప్పుడు, ఆ ఒక్కరూ ఎవరో అందరికీ తెలుసు. ఆవిడకి పోలీసు ఎస్సై కావాలని కోరిక. క్యాంపు సర్టిఫికెట్టు ఉంటే సెలెక్షన్లో పనికొస్తుందని ఎవరో చెప్పారు. వాళ్ళ నాన్నగారు కూడా ఒక మాటన్నారు, సెలెక్టయితే ఇంకా చదువు, కాకపోతే ఇంటికొచ్చెయ్యి, సంబంధం చూస్తాను అని. ఆ మాట ఆవిడ నాకు నవ్వుతూనే చెప్పింది, తను కాకపోవడమనేది ఉండదన్న ధైర్యంతో.

ఎంపికకి రెండు రోజుల ముందు తుపాకులు తుడిచే వంతు నాది. నూనెగుడ్డతో తుడిచి నాలుగో నంబరుని స్టాండులో పెట్టబోతుంటే నూనె చేతిలోంచి జారి, గొట్టం చివర సిమెంటు నేలకి తగిలేలా పడింది. చప్పుడుకి ఎవరైనా వస్తారేమోనని కాసేపు ఊపిరి బిగబట్టాను. ఎవరూ రాలేదు. గొట్టం చివర గురి చూడటానికి ఒక చిన్న ఇనప ముక్క ఉంటుంది, సైటు అంటారు. అది కుడివైపు కాస్త జరిగింది. కాస్తంటే బియ్యపు గింజ వెడల్పు కూడా ఉండదు. వేలితో నెట్టి చూశాను, కదల్లేదు. చెబితే తిడతారనే భయంతోనే ఆ రోజు నోరు మూసుకున్నాను, అంతవరకే అయితే పోనీ పిల్లతనం అనుకుందును. కానీ సైటు కుడికి జరిగితే తూటా ఎడమకి పోతుందని అప్పటికే నాకు తెలుసు. ఎంపిక రోజు పొద్దున హవల్దారు గారు మా ఇద్దరికీ రెండో నంబరూ నాలుగో నంబరూ తెచ్చి, మీకేది కావాలో తీసుకోండమ్మా అన్నారు. ఆవిడ నా వైపు చూసి, "నువ్వు తీసుకో వదినా, నాకేదైనా ఒకటే" అంది. నేను రెండో నంబరు తీసుకున్నాను.

బయటి నుంచి ఒక ఆఫీసరు గారు వచ్చారు. తూటాలు ఎన్ని, మధ్య వలయంలో పడ్డవి ఎన్ని, అదే ఆయన చూసేది. నావి మూడు పడ్డాయి. ఆవిడవి ఒక్కటీ పడలేదు. ఐదుకి ఐదూ మూడు వేళ్ళ వెడల్పు ఎడమకి వెళ్ళి, రూపాయి బిళ్ళ పెడితే మూసుకుపోయేంత చోట గుమిగూడాయి. ఆఫీసరు గారు అంకె రాసుకుని పెన్ను జేబులో పెట్టుకున్నారు. హవల్దారు గారు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత మా అందరినీ నిలబెట్టి, కోపం లేకుండానే అడిగారు: "ఎవరైనా తుపాకీ కింద పడేశారా అమ్మా? పడేస్తే చెప్పండి, ఏమీ అననండి. అయ్యగారిని బతిమాలి ఇంకో ఐదు తూటాలు వేయిస్తాను." ఏమీ అనరని నాకు నమ్మకం కుదిరింది. ఆయన మాట తప్పే మనిషి కాదు. నేను చెప్పకపోయింది భయంతో కాదన్నమాట. ఆ ఐదు తూటాలూ వేస్తే ఏమవుతుందో తెలిసే చెప్పలేదు. నా పక్కనే నిలబడ్డ ఆవిడ, "తుపాకీది కాదండీ, నా చూపే ఎడమకి లాగినట్టుంది" అంది. హవల్దారు గారు ఇంకేమీ అడగలేదు.

క్యాంపుకి వెళ్ళాను. అక్కడ నేను పదకొండోదాన్నో పన్నెండోదాన్నో. అయినా సర్టిఫికెట్టు సర్టిఫికెట్టే. దాంతో వ్యాయామం ట్రైనింగులో సీటొచ్చింది, ఆ సీటుతో ఉద్యోగం, ఆ ఉద్యోగంతో ఇల్లు. ఆవిడ డిగ్రీ అవగానే మండవల్లి వెళ్ళిపోయింది. అదే ఏడు పెళ్ళయింది. మంచి సంబంధమే. చేపల చెరువులు, నెమ్మదైన భర్త, ఇద్దరు పిల్లలు. ఆవిడ సుఖంగానే ఉందిగా అని నేను నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ ఆ చూపు సంగతి అడ్డం పడేది. ఎంపిక జరిగిన వారంలోనే ఏలూరులో కళ్ళ డాక్టరుకి చూపించుకుంది. కళ్ళు బంగారంలా ఉన్నాయమ్మా అన్నాడాయన. నమ్మక ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్ళి, చివరికి ఆవిడ పోరు పడలేక ఎవరో ఉత్త అద్దాలు పెట్టిన కళ్ళజోడు ఇచ్చారు. సైకిలు తొక్కడం మానేసింది, ఎడమకి లాగి కాలవలో పడతానని. భర్త స్కూటీ కొనిస్తే అది కూతురిదైంది. నేను వెళ్ళినప్పుడల్లా సూదీ దారం పట్టుకొచ్చి, "ఎక్కించి పెట్టవే, నీ చూపు సూటి" అనేది. నేను ఎక్కించేదాన్ని. అన్నేళ్ళలో ఆవిడ ఇంట్లో ఎన్ని సూదుల్లోకి దారం ఎక్కించానో, ఒక్కసారైనా నోరు పెగిలి ఉంటే ఆ అవసరమే ఉండేది కాదు.

ఆదివారం ఏలూరు షూటింగు క్లబ్బులో కలిశాం. తల్లీ కూతుళ్ళు నాకంటే ముందే వచ్చారు. ఆవిడ చేతిలో ఎప్పటిలాగే నాకోసం పులుసు క్యారియరు. తుపాకులు రెండూ బల్ల మీద ఉన్నాయి. ఒకటి వాల్‌నట్ చెక్కది, నూనె పట్టించి నిగనిగలాడుతోంది. రెండోది అల్యూమినియంది, ఒళ్ళంతా మరలూ స్క్రూలూ, బాగు చేయడానికి విప్పి మళ్ళీ బిగించడం మరిచిపోయిన మిషన్లా ఉంది. ఆవిడ చెక్కదాన్ని ప్రేమగా నిమిరి, ఇదే బావుందంది. పిల్ల చాప మీద బోర్లా పడుకుని, చప్పుడు వినపడకుండా చెవులకి మఫ్లు పెట్టుకుని, ఇసుక సంచీ మీద ఆనించి ఒక్కోదాంతో ఐదేసి తూటాలు కొట్టింది. చెక్కదానివి మధ్య చుట్టూ అరచేయంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి. ఒకటి నడిమధ్యలో కూడా పడింది. రెండోదానివి ఐదూ కలిసి చిటికెన వేలి గోరంత కన్నం చేశాయి, కానీ మధ్యకి ఎడమగా.

"ఇది వద్దమ్మా, ఇది నా కన్నే. ఎడమకి లాగుతోంది" అంది ఆవిడ నవ్వుతూ.

నాలో టీచరు ఊరుకోలేదు. "మధ్యలో పడిందా అని కాదు వదినా చూడాల్సింది, ఐదూ ఒకచోట పడ్డాయా అని. ఒకచోట పడ్డాయంటే తుపాకీ మంచిది, చేయి మంచిది, కన్ను మంచిది. ఎడమకి పోవడం సైటు తప్పు. స్క్రూ తిప్పితే సరిపోతుంది" అన్నాను. అనేశాక నా మాటలు నాకే వినపడ్డాయి. ఆవిడ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. కన్నం మీద వేలు పెట్టింది.

"నావీ ఒకచోటే పడ్డాయి కదా వదినా. హవల్దారు గారు కాగితం చూపించారు. రూపాయి బిళ్ళంత."

అప్పుడు కూడా నాకు దారి ఉంది. సైటు దానంతటదే వదులై ఉంటుందనో, పాత తుపాకులు అంతేననో అనొచ్చు. చివరికి, "నేనే పడేశాను. నాలుగో నంబరుని" అన్నాను.

"ఎప్పుడు?"

"రెండ్రోజుల ముందు."

"మరి ఆయన అడిగారుగా."

"అడిగారు."

తిడుతుందనుకున్నాను. తిడితే ఎంత బావుండేదో. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. కూతురి వైపు చూస్తూ, "మీరు ఆ స్క్రూ ఏదో తిప్పండి. పిల్ల అట్టాగే పడుకునుంది" అంది. మీరు! పద్దెనిమిదో ఏట నుంచీ నువ్వు, ఒసే తప్ప ఎరగని గొంతు. మా వైపు మర్యాద చాలా మెత్తగా ఉంటుంది, తిట్టు కంటే లోతుగా దిగుతుందని ఆ రోజు తెలిసింది.

స్క్రూ తిప్పాను. టక్కు టక్కుమని ఎనిమిది సార్లు చప్పుడయింది. చెవులు మూసుకున్న పిల్లకి ఇదేమీ తెలియదు. మళ్ళీ ఐదు కొట్టింది, ఐదూ నడిమధ్యలో పడ్డాయి. లేచి నన్ను వాటేసుకుంది. ఆ తుపాకీనే ఖాయం చేసుకున్నారు. పదోన్నతి వచ్చినదానిలా సంతోషించాల్సిన రోజు, నేను ఎండలో నిలబడి తుపాకీ పెట్టె మూత అనవసరంగా రెండుసార్లు తుడిచాను. వాళ్ళ కారులో నన్ను బస్టాండు దగ్గర దింపినప్పుడు ఆవిడ దిగలేదు. పిల్లే దిగి క్యారియరు నా చేతిలో పెట్టి, "అమ్మ ఇమ్మంది అత్తయ్యా, రేపు తింటే బావుంటుందంట" అంది.

మర్నాటి దాకా ఆగాను, జీవితంలో మొదటిసారి. బాగానే ఉండి ఉంటుంది, రుచి మాత్రం గుర్తు లేదు. క్యారియరు కడిగి బోర్లించి నెల కావస్తోంది. ఖాళీగా తిరిగిచ్చే అలవాటు మా ఇళ్ళల్లో లేదు కాబట్టి మొన్న సున్నుండలు చుట్టి నాలుగు గిన్నెల్లోనూ నింపాను, ఈసారి లెక్క పెట్టకుండా. మండవల్లి బస్సు మా వీధి చివరే ఆగుతుంది. రోజూ చూస్తున్నాను, ఎక్కడం లేదు. రమ్మంటే గానీ వెళ్ళకూడదనిపిస్తోంది. ఫోను ఇంకా రాలేదు. ఒక్క క్షణంలో చెప్పాల్సిన మాట చెప్పడానికి నేను ఇరవై ఆరేళ్ళు తీసుకున్నాను. ఆవిడ తన వంతు ఎన్నాళ్ళు తీసుకున్నా, త్వరగా పిలవమని అడిగే ముఖం నాకు లేదు.