ఫ్యాన్ హౌస్ గోడ పక్కన నాలుగు గోరింటలు

1974 ఏప్రిల్‌లో నన్ను గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనికి సర్వేయరుగా బదిలీ చేశారు. గనిలో సర్వేయరు బొగ్గు తవ్వడు, తవ్వించడు. ఎక్కడ ఎంత తవ్వారో కొలిచి ప్లాను గీస్తాడు. ఆ ప్లాను మీద సంతకం తనదే కాబట్టి తనకు అన్నీ తెలుసనుకుంటాడు. ఈ రెండో లక్షణం నాలో కాస్త ఎక్కువగానే ఉండేది.

బొగ్గు తీసేటప్పుడు పైకప్పును మోయడానికి లోపల పెద్ద దిమ్మెలను వదిలేస్తారు. వాటిని పిల్లర్లంటారు. చివరికి ఆ పిల్లర్లనూ తీసేస్తారు. అప్పుడు పైన నేల కుంగుతుంది కనుక, కుంగే మేరకు ముందే హద్దు గీసి కంచె వేయాలి. మా పాత గెస్ట్‌హౌస్ ఆ హద్దు లోపలే ఉంది. భవనాన్ని అప్పటికే ఖాళీ చేసి నీళ్ళ పైపు ఊడదీశారు. మిగిలింది ఆవరణ చుట్టూ పన్నెండేళ్ల గోరింట వరస. ఏటేటా కత్తిరించడం వల్ల పొట్టిగానే ఉండిపోయి, మొదళ్ళు మాత్రం నా ముంజేతి లావున బలిశాయి. జూన్ ఒకటి నుంచి అక్కడికి ఎవరినీ వెళ్ళనివ్వరు.

నాలుగైదు గనుల మీద పెత్తనం ఉన్న అధికారిని మాలో ఏజెంటు అంటారు. ఆయన ముందు మేనేజరు కూడా నిలబడే మాట్లాడతాడు. మా ఏజెంటుగారు హైదరాబాదులో ఎవరింట్లోనో బోన్సాయి చూసి వచ్చారు. ముసలి చెట్టును జానెడు తొట్టిలో బతికించే ఆ విద్యకు మన గోరింట మొదళ్ళు పనికొస్తాయా అని పొద్దుటి మీటింగులో అడిగారు. నేను వెంటనే నాకు తెలుసండీ అన్నాను. నాకు తెలిసిందల్లా రైల్లో ఎవరో వదిలేసిన పద్నాలుగు పేజీల పుస్తకం.

పాత గెస్ట్‌హౌస్ తోటమాలి పేరు ఓదేలు. పదకొండేళ్లు లోపల బొగ్గు ఎత్తినవాడు. పైకప్పు ఊడిపడి కాలు విరిగితే లైట్ డ్యూటీ కింద తోటకు వేశారు. గెస్ట్‌హౌస్ పోతే ఆ డ్యూటీ కూడా పోతుంది. మళ్ళీ డాక్టర్ల ముందు నిలబెట్టి అన్‌ఫిట్ రాస్తే ఇంటికి పంపడమే. ఇంట్లో తినే నోళ్ళు ఆరు. బోన్సాయి చెట్లు బతికితే కొత్త గెస్ట్‌హౌస్‌కు అతన్నే మాలిగా ఉంచుదామని ఏజెంటుగారు ఆ మీటింగులోనే అన్నారు. అంటే అతని ఉద్యోగం నా పద్నాలుగు పేజీల చేతిలో పడింది.

ఆకులు రాలి చెట్టు నిద్రపోయే కాలంలో తవ్వాలని ఆ పుస్తకంలో ఉంది. అది మంచు కురిసే దేశాలవాళ్ళు వాళ్ళ కోసం రాసుకున్న మాట. మే నెలలో నేను వెళ్ళి చూస్తే గోరింటలకు ఆకు లేదు. నిద్రలో ఉన్నాయి, ఇదే అదను అని ప్రకటించాను. ఓదేలు నెత్తిన తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు.

“నిద్ర గాదు సార్, దూపకు ఎండుతున్నయి. వారం దినాలు నీళ్ళు పట్టుండ్రి. పానం తేరినంక పొద్దుగాల చీకట్ల తవ్వుదం. రోహిణి కార్తె మీదికొస్తున్నది.”

నిద్రపోయేవాడికి నీళ్ళు తాగిస్తామా అని అడిగాను. గొలుసు పట్టే మా చైన్‌మన్లు నవ్వారు. నా చమత్కారానికే నవ్వారనుకున్నాను. పైగా మాది జనరల్ షిఫ్టు, ఎనిమిదికి ముందు మొదలవదు. హాజరు వేసి, గడ్డపారలు తెప్పించి, పన్నెండు మొక్కలకు నంబర్ల మేకులు కొట్టి, స్కేలుకు ప్లాను గీసేసరికి మధ్యాహ్నం రెండయింది. అప్పుడు తవ్వించాను.

వేళ్ల ముద్దను నలుపలకలుగా కోయించాను. గనిలో పిల్లర్లు నలుపలకలుగానే ఉంటాయి మరి. తొట్లలో గోదావరి ఇసుక నింపించాను. గనిలో కొన్నిచోట్ల బొగ్గు తీసిన ఖాళీల్లో ఆ ఇసుకనే నీళ్ళతో కలిపి పంపి నింపుతారు, ఎక్కడా సందు మిగలకూడదని నిబంధన. ఆ నిబంధనను తొట్లకూ వర్తింపజేసి, గడ్డపార మొద్దు కొసతో ఇసుకను రాయిలా దంపించాను. వేలు పెట్టి చూస్తే గోరు విరిగింది. సంతృప్తి కలిగింది.

పన్నెండింటిలో ఎనిమిది నా కొలతలకు నిలిచాయి. నాలుగింటికి మట్టి రాలిపోయి వేళ్ళు బయటపడ్డాయి. వాటిని రిజెక్టు అని రాసి, కట్టెలకు పనికొస్తాయి పట్టుకుపొమ్మని ఓదేలుకు ఇచ్చాను. అతను వాటిని తడి గోనెసంచిలో చుట్టి సైకిలు మీద కట్టుకుని వెళ్ళాడు. కట్టెలను తడిపేవాణ్ణి మొదటిసారి చూస్తున్నానని అందరితో చెప్పి నవ్వించాను కూడా.

నా ఎనిమిది తొట్లూ సర్వే ఆఫీసు పడమటి వరండాలో కొలువుదీరాయి. రోజుకు రెండుసార్లు ఓదేలు నీళ్ళు పోసేవాడు. నీళ్ళు లోపలికి దిగక అంచుల మీదుగా పొర్లిపోయేవి. రెండు వారాల తరువాత అతను మూడో నంబరు మొక్క బెరడును గోటితో గీకి చూపించాడు. లోపల పచ్చదనం లేదు, ఎండు కొబ్బరి పీచు రంగు ఉంది. “ఇగ లేవయి సార్” అన్నాడు. నిద్ర గాఢంగా ఉంది, అంతే అన్నాను. ఆ మధ్యాహ్నమే అందరూ భోజనాలకు వెళ్ళాక నేనూ ఒకటి రెండు గీకి చూశాను. అదే రంగు.

కొత్త గెస్ట్‌హౌస్ ప్రారంభానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఏజెంటుగారికి ఇవ్వడానికి నేను ఒక నోటు రాశాను. “మాలి నీళ్ళు సక్రమంగా పోయకపోవడం, తగు శ్రద్ధ వహించకపోవడం వల్ల” అని మొదలవుతుంది. చేతిరాత చాలా బాగా వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకున్నప్పుడు సిగ్గనిపించలేదు. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మర్నాడు నేల ఎత్తు గుర్తుకు పాతిన లెవెల్ మేకును సరిచూడటానికి ఫ్యాన్ హౌస్ వైపు వెళ్ళాను. గని లోపలి గాలిని పీల్చి బయటికి తోసే పెద్ద ఫ్యాను ఉండే చోటు అది. ఆ గాలి లోపలి ఊటనీటి తేమనంతా మోసుకొస్తుంది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే అక్కడ మాత్రం ఒళ్ళు చెమ్మగిల్లుతుంది. దీని మీద పరీక్షలో పది మార్కుల జవాబు రాసి తొమ్మిది తెచ్చుకున్నవాణ్ణి నేను. ఫ్యాను గాలి వచ్చే వైపు, గోడ నీడన, గోనెపట్టాల చాటున నాలుగు పగిలిన కుండలున్నాయి. కొమ్మలన్నీ పొట్టిగా కత్తిరించిన నాలుగు గోరింట మొదళ్ళు. నాలుగింటికీ వడ్లగింజంత పచ్చటి చిగుళ్ళు.

ఓదేలు కుంటుకుంటూ వచ్చాడు. “కోపం చెయ్యకుండ్రి సార్. కట్టెలన్నరు గద, గా కట్టెలే ఇవి. లోపట పనిచేసినప్పుడు చూసిన, ఎండకాలం పైకొస్తెనే మొకం మండేది, లోపట తడితడిగ ఉండేది. గా గాలి ఊకెనే పోతున్నది గదా అని గీడ వెట్టిన.”

ఇసుక అదే గోదావరి ఇసుక. అతను దంపలేదు, పెంట కలిపి వదులుగా పోశాడు, అంతే.

ఆ నాలుగింటినీ కొత్త తొట్లలోకి మార్పించి ఏజెంటుగారి ముందు పెట్టించాను. ఎవరు చేశారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. మంచి తొట్లలో అవి నావిగానే కనిపించాయి. ఆయన చుట్టూ తిరిగి చూసి నా భుజం తట్టారు. వచ్చే మే నెలలో మా బంగళా కంచె నుంచి ఇరవై తవ్వించండి, మీరే దగ్గరుండి చూసుకోండి అన్నారు. అప్పుడు నిజం చెప్పాను. నిజాయితీ కొద్దీ చెప్పానని రాయాలని ఉంది, కానీ ఇరవై చెట్ల భయంతో చెప్పాను. ఎనిమిది చచ్చాయనీ, ఎలా చంపాననీ, ఈ నాలుగు ఓదేలువనీ చెప్పి, జేబులోని నోటు కూడా తీసి ఇచ్చేశాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, నా వంక చూసి, ఓదేలును పిలిపించారు.

తవ్వేటప్పుడు సర్వేయరుగారు ఏం చేశారని అడిగారు. నా మీద కసి తీర్చుకోవడానికి అతనికి అంతకు మించిన అవకాశం రాదు.

“సార్ గూడ మస్తు కష్టపడ్డరు సార్. గంత ఎండల నిలవడి టేపు వట్టి కొలిచిండ్రు.”

ఏజెంటుగారు కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. కొత్త గెస్ట్‌హౌస్ మాలిగా ఓదేలు పేరు ఆ సాయంత్రమే రాశారు. నోటు నాకు తిరిగి ఇచ్చి, దీన్ని పారేయకండి, దాచుకోండి అన్నారు. క్లబ్బులో మాత్రం వానలు వెళ్ళేదాకా నన్ను చూసినవాళ్ళంతా చెట్లు లేచాయా అని అడుగుతూనే ఉన్నారు.

ఆ తరువాత చాలా ఏళ్ల సర్వీసులో కిందివాళ్ళ మీద ఇంకా ఎన్నో నోట్లు రాయాల్సి వచ్చింది. “తగు శ్రద్ధ వహించకపోవడం వల్ల” అనే చోటికి రాగానే కలం ఆపి, ఆ మనిషి నాకు ముందే ఏమైనా చెప్పాడా, నేను విన్నానా అని గుర్తు చేసుకునేవాణ్ణి. సగానికి సగం సార్లు చెప్పాడు, నేనే వినలేదు.