పేరు రాసిన చీటీ

జడ్జి సార్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున నేను మాదాపూర్‌లో మా ఆఫీసు గేటు దగ్గర డ్యూటీలో ఉండగా వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "నాయిన పోయిండన్నా. నిద్రల్నే పోయిండు. నీకు చెప్పాలె గదా అని చేసిన" అంది. గేటు ముందు కార్ల వరుస పెరుగుతోంది. ఒకాయన హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. నేను గేటు ఎత్తడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

జడ్జి అంటే కోర్టు జడ్జి అనుకునేరు. ఆయన బాక్సింగ్ జడ్జి, అదీ ఆదివారాలు మాత్రమే. మిగతా ఆరు రోజులూ బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో తనిఖీ పని. లేత్ మెషిన్ మీద తయారైన ప్రతి ముక్కనూ కొలిచి, సరిగ్గా ఉంటే తన నంబరున్న ముద్ర కొట్టి పంపేవారు. ఆ ముక్క తర్వాత ఎక్కడ విరిగినా నంబరు చూసి నేరుగా ఆయన దగ్గరికే వస్తారు. ఆ సంగతి ఎంత గొప్పగా చెప్పుకునేవారో. మన తప్పు మన ఇంటి అడ్రసు వెతుక్కుంటూ రావాలని మనలో ఎవరం కోరుకుంటాం చెప్పండి?

నేను చెప్పేది తొంభైల చివరి సంగతి. మాదాపూర్ బండల మధ్య హైటెక్ సిటీ భవనం లేస్తున్న రోజులు. మా నాయన అక్కడ సెంట్రింగ్ పని చేసేవాడు. పాలమూరు నుంచి వచ్చి మూసాపేటలో కిరాయికి ఉండేవాళ్లం. ఇంటి దగ్గరే ఒక రేకుల షెడ్డులో నేను బాక్సింగ్ నేర్చుకున్నాను. మా రింగు నిలబడింది కూడా మా నాయన మేస్త్రీని బతిమాలి తెచ్చిన పాత సెంట్రింగ్ చెక్కల మీదే. ఎక్కడ అడుగేస్తే కిర్రుమంటుందో మాకు కంఠోపాఠం.

పోటీ ఉన్న రోజు సార్ ఎవరి చేతి చాయ్ తాగేవారు కాదు. ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవారు. "ఒక్క చాయ్ తాగితే ఏమైతది సార్?" అని మేం ఆటపట్టిస్తే, "చాయ్‌కి ఏం గాదు తమ్మీ, నాకే అయితది" అనేవారు.

అప్పట్లో మా పోటీలకు ముగ్గురు జడ్జీలు. రౌండు రౌండుకూ బాగా ఆడినవాడికి ఇరవై, రెండోవాడికి అంతకంటే తక్కువ, చీటీ మీద రాసేవారు. ఎర్ర మూలవాడికి ఒక గడి, నీలం మూలవాడికి ఒక గడి. ఫలితం చెప్పగానే చీటీలు చింపి బకెట్లో వేసేవారు. ఎవరు ఎవరికి రాశారో దేవుడికే తెలియాలి. ఓడినవాడు అడగడానికి మనిషే ఉండేవాడు కాదు.

ఆ ఏడాది జిల్లా ఎంపిక పోటీలో నాది ఎర్ర మూల. గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోతాను. అక్కడ ఆడిన సర్టిఫికెట్ ఉంటే జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో క్రీడల కోటా కింద నౌకరీ ఇస్తామని మాటిచ్చారు. మా నాయన అప్పటికే గల్లీ అంతా చెప్పేశాడు. మూడు రౌండ్లూ ఆడాను. గెలిచానని నాకు తెలుసు, చూసినవాళ్లకీ తెలుసు. రెఫరీ మాత్రం ఇద్దరు జడ్జీల లెక్కతో నీలం మూలవాడి చెయ్యి ఎత్తాడు. జనం గోల చేశారు, చీటీలు బకెట్లో పడ్డాయి.

ఆ ముగ్గురు జడ్జీల్లో సార్ ఒకరు. ఆ సాయంత్రమే కోపంగా ఆయన ఇంటికి పోయాను. వాకిట్లో సైకిలు కడుగుతున్నారు.

"నన్నెందుకు ఓడగొట్టిన్రు సార్?" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుని లోపలి నుంచి నోటుబుక్కు తెచ్చారు. ప్రతి పోటీకీ ఏ రౌండులో ఏం చూశారో మాటల్లో రాసి, పక్కన తానిచ్చిన మార్కులు దించుకోవడం ఆయన అలవాటు. గట్టిగా చదవడం మొదలుపెట్టారు. మొదటి రౌండు నీలం, రెండోది ఎరుపు. "మూడో రౌండు. ఎర్ర పిల్లగాడు ఎడమ చెయ్యి మస్తు వాడిండు. నీలం పిల్లగానికి దమ్ము అయిపోయింది." అంతవరకు చదివి ఆగిపోయారు. పక్కన ఇరవై అంకె నీలం గడిలో ఉంది.

ఆ రోజు రంగు బనియన్లు రాలేదు. ఇద్దరం తెల్ల బనియన్లతోనే ఆడాం, నడుముకు ఎర్ర, నీలం గుడ్డపేలికలు కట్టుకుని. చీటీలో ఎరుపు గడి ఎడమవైపు ఉంటుంది. సార్ కూర్చున్న వైపు నుంచి చూస్తే ఎర్ర మూల కుడివైపు. అన్నేళ్లుగా ఆ తిరకాసుకు అలవాటుపడ్డ చెయ్యి ఆ ఒక్కసారి తప్పింది.

"నాది తప్పు బిడ్డా" అన్నారు.

నేను కొట్లాటకు సిద్ధమై పోయాను. ఆ మాట వినగానే ఏడ్చేశాను. ఆయన చొక్కా వేసుకుని, "పా" అని నన్ను సైకిలెక్కించుకుని పోటీల సెక్రటరీ ఇంటికి తీసుకుపోయారు. ఆ సెక్రటరీ కోస్తా మనిషి, మర్యాదస్థుడు. అంతా విని, "జాబితా పంపేశామండీ. ఇప్పుడు మార్చడం కుదరదు. ఈ మాట ఇక్కడితో వదిలేయండి, మీకూ గౌరవం, మాకూ గౌరవం" అన్నారు.

"పిల్లగాని నౌకరీ పాయె. మన గౌరవం ఏం చేసుకుంటం సార్?" అన్నారు మా సార్.

మరుసటి ఆదివారం రింగు మధ్యలో నిలబడి అందరి ముందూ చెప్పారు. "గెల్చింది ఈ పోరడు. నేను తప్పు గడిల రాసిన. మా కంపెనీల ఖరాబు ముక్కకు ముద్ర కొడితే ఆ ముద్ర గుంజుకుంటరు. నాది నేనే గుంజుకుంటున్న." అన్నట్టే ఏడాదిపాటు జడ్జి కుర్చీ ఎక్కలేదు. రింగు ఊడ్చారు. గ్లౌజులు కట్టారు. నీళ్లు మోశారు.

ఊరికే ఊడ్చి ఊరుకునే మనిషా! సెక్రటరీ వెంటపడి ఒక పద్ధతి పెట్టించారు. షెడ్డు గోడకు ఒక సెంట్రింగ్ ప్లైవుడ్ ముక్క బిగించారు. ప్రతి జడ్జీ చీటీ మీద పేరు రాయాలి, ఫలితం చెప్పగానే దాన్ని ఆ చెక్కకు గుచ్చాలి. మిగతా జడ్జీలకు కోపమొచ్చింది. "మేమేమన్న దొంగలమా?" అని ఒకాయన లేచారు. "దొంగలం గాదు సార్, మనుషులం. గందుకే పేరు రాయాలె" అన్నారు మా సార్. ఆ లేచినాయన అలిగి రెండు వారాలు రాలేదు, మూడో వారం వచ్చి పేరు రాశారు. సార్ ఇంకో మాట కూడా పెట్టారు: "ఓడినోడు అడగనీకి వస్తే కూసోని చెప్పొద్దు."

ఇదంతా ఇప్పుడు మురిసిపోతూ రాస్తున్నాను గానీ, ఆ ఏడాదంతా నాకు ఆయన మొహం చూస్తే ఒళ్లు మండేది. తప్పు ఒప్పుకుంటే నా నౌకరీ వస్తుందా? ఆయన నీళ్ల సీసా అందిస్తే తీసుకునేవాణ్ని కాదు. ఆయన దాన్ని నా పక్కన చెక్క మీద పెట్టి పోయేవారు.

మళ్లీ ఎంపిక పోటీలు వచ్చాయి. సార్ ఏడాది నిండి కుర్చీకి తిరిగొచ్చారు, నా పోటీకే జడ్జిగా పడ్డారు. "ఇగ నీకేం ఫికర్ రా, సార్ నీ దిక్కే రాస్తడు" అన్నారు దోస్తులు. నిజం చెప్తున్నాను, నేనూ లోపల అదే అనుకున్నాను. ఆ పోటీలోనూ ఓడాను. మళ్లీ ఇద్దరు జడ్జీల లెక్కే. ఆ ఇద్దరిలో సార్ ఒకరు.

మా నాయన ఊరుకోలేదు. "ఒకపారి వాని నోట్ల మన్ను కొట్టినవు. ఈసారన్న మావోని దిక్కు చూడకపోతివి" అని ఆయన మీదికి పోయాడు.

"పోయినసారి నీ కొడుక్కు అన్యాయం చేసిన అన్నా. దాన్ని సరిచేసేతందుకు ఇంకో తల్లి కొడుక్కు అన్యాయం చెయ్యాల్నా?" అన్నారు సార్.

నేను ప్లైవుడ్ దగ్గరికి పోయాను. చీటీ మీద ముందు ఆయన పేరు, కింద అంకెలు. వేలు పెట్టి చూస్తుంటే ఆయన లేచి వచ్చి నా ఎదుట నిలబడ్డారు. "రెండో రౌండ్ల నీ కుడి చెయ్యి కిందికి జారింది. నాలుగుసార్లు తిన్నవు. యాది చేసుకో" అన్నారు. యాది చేసుకున్నాను. దవడ ఇంకా సలుపుతోంది. నాలుగుసార్లే.

ఆ రోజు ఆయన చేతి నీళ్లు తాగాను. అంత తియ్యటి నీళ్లు మళ్లీ ఎక్కడా తాగలేదు.

ఆ నౌకరీ నాకు రాలేదు. మా నాయన సెంట్రింగ్ కొట్టిన భవనాల దగ్గరే సెక్యూరిటీలో చేరాను. చాలా ఏళ్ల తర్వాత ఆదివారాలు నన్ను జడ్జి కుర్చీలో కూర్చోబెట్టింది కూడా సారే. మొదటిరోజు పెన్ను నా చేతిలో పెట్టి, "మార్కులు తర్వాత. ముందుగాల పేరు రాయి" అన్నారు.

మొన్న ఆదివారం, సార్ లేని మొదటి ఆదివారం, ఆడపిల్లల పోటీలు జరిగాయి. ఒక అమ్మాయి ఓడింది. పదిహేనేళ్లుంటాయేమో. మొహం తుడుచుకోకుండానే చెక్క దగ్గరికి నడిచింది. గుచ్చిన చీటీల మీద వేలు పెట్టి ఒక్కో రౌండూ చూసుకుంది. నా చీటీ దగ్గర వేలు ఆగింది. పేరు చదివింది. తర్వాత వెనక్కి తిరిగి కుర్చీల వైపు ఎవరికోసమో వెతికింది.

నేను లేచి నిలబడ్డాను.