గొంతు దాకా కొట్టించిన పెట్రోలు

మా వదినను వీధంతా జీపమ్మ అంటుంది. ఏ పాత జీపు మొరాయించినా ముందు ఆమె షెడ్డుకే తోసుకొస్తారు. ఆ షెడ్డులో ముందు సగం నాది. కుట్టుమిషను పెట్టుకుని జీపులకు సీటు కవర్లు, టాపు గుడ్డలు కుడతాను. వెనక సగంలో ఆమె ఏదో ఒక బండి కింద వెల్లకిలా పడుకుని ఉంటుంది. రోజంతా ఇద్దరం అక్కణ్ణుంచి ఇక్కడికి, ఇక్కణ్ణుంచి అక్కడికి కేకలేసుకుంటూనే మాట్లాడుకుంటాం. మా అన్నయ్య మా మధ్య నోరు తెరవడం ఎప్పుడో మానేశాడు.

ఆమెకొక పిచ్చి ఉంది. బిగించిన నట్టునే మళ్లీ బిగిస్తుంది. పైపు పెట్టి, క్లిప్పు వేసి, చేతులు తుడుచుకుని నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తుంది. "అది నీమీద అలిగి ఊడిపోదులే వదినా" అని ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు. ఒక్కసారైనా నవ్వలేదు. ఎందుకు నవ్వుతుంది? ఆ పిచ్చి పట్టించింది ఆమె సొంత అన్న.

ఆ పెద్దమనిషి వరసకు నాకు బావ అవుతాడు. అలా పిలవడానికి నాకు నోరు రాదు.

వదిన పని నేర్చుకున్నది వాళ్ల నాన్న దగ్గర. ఆయనకొక పెట్రోలు జీపు ఉండేది, కొండదారుల్లో మనుషుల్ని తిప్పేవాడు. ఒకరోజు వదిన దాని టాంకు పైపులు మార్చి, పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా పాడైతే తీసేసి ఇంకోటి బిగించింది. మర్నాడు పొద్దున ఆమె అన్నగారు టాంకు నింపుకొచ్చాడు. నాన్న బండిని కొండెక్కించాడు. ఎత్తు మధ్యలో ఇంజను ఆగిపోయింది, బ్రేకు సరిగ్గా పట్టలేదు, బండి వెనక్కి జారి గట్టును గుద్దుకుంది. నాన్నకు తుంటి విరిగింది. మళ్లీ లేచి నడవలేదు.

"నిన్న దాని పైపులు కెలికిందెవరు?" అన్నాడు అన్న. అంతే, ఆ ఒక్క మాట చాలింది. వదిన చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నాన్న గోడవైపు ముఖం తిప్పుకునేవాడు. కొన్నేళ్లు అలాగే మంచం మీద ఉండి, అలాగే పోయాడు. నాన్నను మంచాన పడేసింది తన చేతులేనా, కాదా? వదినకు బతుకులో తేలాల్సింది అదొక్కటే. ఎవరినడిగితే తేలుతుంది? బండి అన్న దగ్గర ఉండిపోయింది.

ఇన్నేళ్ల తర్వాత ఒకరోజు ఆ బండినే అతను మా షెడ్డు ముందు ఆపాడు. పొగ పరీక్షలో అప్పటికే రెండుసార్లు తప్పింది. రేపు ఆఖరిసారి. రేపు కూడా తప్పితే కొండదారిలో తిప్పే అనుమతి పోతుంది. ఉన్న మెకానిక్కులందరూ చేతులెత్తేశాక చెల్లెలు గుర్తొచ్చింది.

"ఏమ్మా, బాగున్నావా?" అన్నాడు, నిన్నగాక మొన్న కలిసినట్టు.

"బాగుండక ఏం చేస్తాం? మీ చల్లని చూపు ఇటు పడలేదుగా ఇన్నాళ్లూ" అన్నాను నేను. వదిన నావైపు కళ్లెర్రజేసింది. అన్నగారు బానెట్టు మీద చెయ్యేసి మొదలుపెట్టాడు.

"పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ ఇదే గోల. ఓ పట్టాన స్టార్టవదు. స్టార్టయినా నల్లపొగే. ప్లగ్గులు మార్చాం, ఫిల్టర్లు మార్చాం, ఏం లాభం లేదు."

"కొట్టించినప్పుడేనా?"

"అప్పుడే ఎక్కువ."

"అయితే పద బంకుకు. నువ్వు రోజూ ఎలా కొట్టిస్తావో అలాగే కొట్టించు. నేను చూస్తాను."

బంకు వీధి చివరే. సీటు కవరు మిషను మీదే వదిలేసి నేనూ వెంట పడ్డాను. ఇలాంటిది చూడకుండా షెడ్డులో కూర్చుంటానా?

టాంకు నిండగానే పెట్రోలు గన్ను టక్కుమని ఆగింది. "ఇంకా పడుతుంది, కొట్టవయ్యా" అన్నాడు. మళ్లీ టక్కుమంది. అప్పుడు ఈ మహానుభావుడు బండి వెనక్కి వెళ్లి, రెండు చేతులా పట్టుకుని దాన్ని ఊపడం మొదలుపెట్టాడు. "గాలి పోతే ఇంకాస్త దిగుతుంది" అని మాకు పాఠం కూడా చెప్పాడు. పెట్రోలు మూతి దగ్గర తళతళలాడేదాకా వదల్లేదు. తాళం తిప్పితే బండి మూలిగి ఊరుకుంది. బంకువాళ్ల చేత షెడ్డుదాకా తోయించుకొచ్చాం.

వదిన బానెట్టెత్తి, బొగ్గు డబ్బా నుంచి ఇంజనుకు వెళ్లే సన్నపైపును కటింగ్‌ప్లేయరుతో నొక్కి పట్టుకుంది. "ఇప్పుడు తిప్పు" అంది. కాసేపు దగ్గి, అందుకుని, నిమ్మళంగా తిరిగింది ఇంజను. ప్లేయరు వదిలింది. ఒక్క గుక్కలో నల్లపొగ కక్కి చచ్చింది. మళ్లీ నొక్కింది, మళ్లీ బతికింది. రెండోసారి వదిలేసరికి మళ్లీ చచ్చింది.

పైపు ఊడదీసి అరచేతిలో తడితే నల్లటి బొగ్గు నలుసులు రాలాయి. డబ్బా తీసి ఊపితే లోపల బుడబుడమంది. పళ్లెంలోకి వంచితే పెట్రోలు కారింది.

"టాంకులో లేచే ఆవిరిని ఈ బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజను దాన్ని కొంచెంకొంచెంగా తాగుతుంది. నువ్వు గొంతు దాకా కొట్టించి ఊపావు కదా, ఆవిరి రావాల్సిన దారిలో పెట్రోలే వచ్చి పడింది. ఇంజనుకు ఊపిరాడలేదు, ఆగిపోయింది." వదిన పళ్లెం కింద పెట్టింది. "ఆ రోజు కూడా నువ్వే కదన్నయ్యా కొట్టించుకొచ్చింది?"

అన్నగారు వాచీ చూసుకున్నాడు. వదిన డబ్బాను వెలుతురులోకి తిప్పి చూసింది.

"నేను బిగించింది రేకు డబ్బా. ఇది ప్లాస్టిక్‌ది. ఎవరు మార్చారు?"

పని త్వరగా తెమిలితే చాలన్న తొందరలో ఉన్నాడు. తానేదో జాగ్రత్తపరుడినని చూపించుకోవాలనుకున్నాడు కాబోలు. "అది అప్పుడే మార్పించాను. నాన్న పడ్డ నెలలోపే. టౌను మేస్త్రి కూడా అచ్చం నువ్వన్నట్టే అన్నాడు, డబ్బా నిండా పెట్రోలే ఉందని, అంత కొట్టించొద్దని. మార్చాక బాగానే నడిచిందనుకో, మళ్లీ ఇప్పుడే..."

అప్పుడు అర్థమైంది అతనికి, తానేం చెప్పాడో. 

నా ఒళ్లు భగ్గుమంది. చేతిలో కత్తెర ఉంటే ఏం చేసేదాన్నో. నెలలోపే తెలుసు! ఆమె తప్పు లేదని, తప్పంతా తనదేనని తెలుసు. తెలిసి, ముసలాయన ముందు కుక్కిన పేనులా ఊరుకున్నాడు.

"నాన్నకు చెప్పావా?" అంది వదిన.

"మంచాన పడ్డ మనిషికి అవన్నీ ఎందుకులే అనుకున్నాను. పాతవన్నీ ఇప్పుడు తవ్వకమ్మా. రేపు పరీక్ష ఉంది. కొత్త డబ్బా వేసెయ్యి."

కొత్త డబ్బా వెనకాల అలమారాలోనే ఉంది, రేపటిలోగా అలాంటిది ఇంకెక్కడా దొరకదు. నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. వదిన పళ్లెంలోని పెట్రోలు వైపు చూసింది. తర్వాత ఆ తడిసిన డబ్బానే తీసి, ఎక్కడిది అక్కడే పెట్టి, పైపులు తగిలించి, బానెట్టు దించింది.

"ఏం చేస్తున్నావే?"

"ఎలా తెచ్చావో అలాగే తీసుకుపో. ఇది పావుగంట పని. వెళ్లి నాన్నకు చెప్పిరా, చేసి పెడతాను."

"నాన్నెక్కడున్నాడే చెప్పడానికి!"

"ఉన్నప్పుడు వెళ్లలేదుగా" అంది వదిన. గొంతు పెంచలేదు. కళ్లనిండా నీళ్లు, అవి తుడుచుకోనూ లేదు.

అతను నావైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా, నా పొట్టకొడుతోంది" అన్నాడు. చెల్లెలి చేతుల మీద నింద వేసి, ఆ నింద మీద ఇన్నేళ్లు బండి నడుపుకున్నవాడు, నాతో పొట్ట గురించి మాట్లాడుతున్నాడు! "తప్పుకోండి బావగారూ" అన్నాను. మొదటిసారి ఆ పిలుపు నోరారా వచ్చింది. బండి ఎలాగూ స్టార్టు కాదు. అతను స్టీరింగు పట్టుకుంటే, వదినా నేనూ వెనక నుంచి దాన్ని రోడ్డు మీదికి తోశాం. ఇన్నేళ్లలో ఎన్ని బండ్లు తోశానో గానీ, అంత హాయిగా ఏ బండినీ తోయలేదు.