దవాఖాన గొర్రె

మొన్న నా మోకాలి పుండు రిపోర్టు వచ్చింది. ఏయే మందులు దానికి పనిజెయ్యవో కోడలు వరుసగ సదువుకుంట పోతాంటే నడుమ జెంటామైసిన్ అన్న మాట చెవులవడ్డది. ఆగుమని, మల్లొక్కసారి సదువుమన్న. ఒకప్పుడు ఆ పేరు మా ఇంట్ల సుట్టం పేరు లెక్క తిరిగింది.

నా ఈడోళ్లకు యాదుంటది, అప్పట్ల కాశిబుగ్గల పొద్దుగాల లేస్తే మగ్గాల సప్పుడే. నా పెనిమిటి గుంటమగ్గం నేసేటోడు, నేను దవాఖాన ల్యాబుల ఊడ్సే పనికి పోయేదాన్ని. అక్కడ ఎనుక షెడ్డుల ఒక గొర్రె ఉండేది, దానికి మేతేసుడు గూడ నా మీదనే వడ్డది. అది కోసుకతినేటి గొర్రె గాదు. మెడ నరంల నుంచి జరంత నెత్తురు తీసి, గాజుపూసలేసిన సీసల గడ్డగట్టకుండ ఊపి, సల్లారితే పేరుకునే జావల కలిపి గాజు పళ్లేలల్ల పోసేటోళ్లు. దానిమీద చీము రాస్తే పుండుల ఉండే కండ్లకు కానరాని పురుగులు తెల్లారేసరికి సుక్కలు సుక్కలుగ మొలిచేవి. ఏ పురుగు ఏ మందుకు లొంగుతలేదో ల్యాబు డాక్టరమ్మ పరిశోధన చేస్తాండె. వాడకట్టోళ్లు నన్ను గొర్రె ఆయమ్మ అని ఎక్కిరించేటోళ్లు.

గప్పుడే ఆయన కాల్ల మేకు దిగింది. మా దిక్కు అందరు చేసినట్టే ఆయన గూడ ఎర్రనల్ల గొట్టం గోలీలు ఇప్పి పొడి పుండు మీద సల్లుకున్నడు, మిగిలినయి తమ్ముని జరానికి దాసిపెట్టిండు. కాలు ఉబ్బింది, ఏ సూదికీ తగ్గలే. పాదం తీసెయ్యాలె అన్నరు. పాదం లేనిది గుంటమగ్గం ఎట్ల తొక్కుతడు?

డాక్టరమ్మ ఒక్క దినం ఆగుమని, ఆయన చీము పళ్లెంల రాసి, మందులల్ల నానవెట్టిన కాయితం బిళ్లలు దానిమీద పెట్టింది. తెల్లారి చూస్తే అన్ని బిళ్లల అంచుదాక పురుగులే. జర జర రుచి చూపి మీరే వాటికి మందు అలవాటు జేసిండ్రని ఆమె కోపం జేసింది. ఒక్క బిళ్ల చుట్టు మాత్రం సున్న గీసినట్టు సాఫుగ ఉన్నది, అదే జెంటామైసిన్. ఒక వేలు పోయింది గని ఆ సూదులతోని పాదం నిలిచింది. గా గొర్రె నాకు నెత్తురు సుట్టమేనే, దానికి ఇంకింత మేతెయ్యి అని నవ్వేటోడు. కన్ను మూసిన దినందాక మగ్గం ఇడువలే.

ఇప్పుడు గొర్రె లేదు, మిషిన్లనే లెక్క తేలుతదట. నాకింకొక్క మందు మిగిలిందని డాక్టరు పిల్ల చెప్పింది, అన్ని పూటలు వేసుకొమ్మన్నది, వేసుకుంటాన. గొట్టాలు ఇప్పి సల్లుకున్నది మా ఇల్లొక్కటే గాదు గద. ఆయనను మగ్గంల నిలవెట్టిన మందు ఇయ్యాల నన్ను గుర్తువడుతలేదు.